పక్కూరి అయ్యవారు

(తెలుగు భాషా దినోత్సవం నాడు కొడవలూరులో చేసిన గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం పాఠం)



ఎడగారు కోతల రోజులివి. పొద్దున్నుంచీ కయ్యల్లో మిషన్ల చుట్టూ తిరిగి, సాయంత్రానికి స్నానం చేసి, ఒక రిటైరైన తెలుగు అయ్యవారి ఉపన్యాసం వినడానికి ఇంతమంది వచ్చారు. గిడుగు వారి మీద గౌరవం కొంత, ఈ బడి మీద మమకారం కొంత. మిగతాది మొహమాటం. మూడింటికీ కృతజ్ఞుణ్ణి.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం పెద్దది: ఆసియా దేశాల భాషోపాధ్యాయ సంఘాల మధ్య సహకారం. ఆహ్వానపత్రంలో ఆ అక్షరాలు చూసి కొంచెం దడుపు పుట్టింది. నేను పనిచేసిన ఆసియా ఇటు కావలి నుంచి అటు తడ దాకా. విమానం ఎక్కింది ఒకే ఒకసారి, అదీ మా అమ్మాయి టిక్కెట్టు కొంటే. అయినా సరేనన్నాను. ఈ విషయంలో నాకు తెలిసిన కాస్తా ఒక పాసింజరు బండిలో తెలిసింది. అది చెప్పి, తర్వాత గిడుగు వారి దగ్గరికి వస్తాను.

పదిహేనేళ్ల పైమాట. అప్పుడు నేను సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక బడిలో ఉన్నాను. బడి పేరు చెప్పను. చెప్పబోయే తప్పు నాది, బడిది కాదు. చుట్టుపక్కల పట్టపు జాలర్ల పాలేల నుంచి పిల్లలు వచ్చేవాళ్లు. ఏడో తరగతిలో ఒకడు లెక్కల్లో చురుకు. వల ఎన్ని బారలు, ఎన్ని కళ్లు అంటే నోటితో చెప్పేసేవాడు. తెలుగు ఉక్తలేఖనం దగ్గరికి వస్తే మాత్రం వాడి పేజీ ఎర్రబారిపోయేది. ‘గాలి’ అని చెబితే ‘కాలి’ అని రాసేవాడు. ‘బావి’ పావి అయ్యేది, ‘దారి’ తారి అయ్యేది. పోనీ గ, బ, ద పలకవా అంటే అదీ కాదు. మాట మధ్యలో తిరగేసి వచ్చేవి: ‘ఆకు’ను ఆగు అనీ ‘పాట’ను పాడ అనీ రాసేవాడు. ఒకే పిల్లవాడు ఒకచోట గ రాయాల్సింది క రాసి, ఇంకోచోట క రాయాల్సింది గ రాస్తే ఏమనుకుంటాం? శ్రద్ధ లేదనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. ఒక్కో మాటా పదిసార్లు రాసి తెమ్మనేవాణ్ణి. రెండు మాట్లు చెవి కూడా మెలేశాను. వాడు పాపం పదిసార్లూ రాసి తెచ్చేవాడు. మరుసటి వారం మళ్లీ తారి.

ఒకసారి ‘మీ ఇంట్లో వంట’ అని నాలుగు వాక్యాలు రాయమన్నాను. వీడు చేపల పులుసు గురించి రాశాడు. అందులో ‘ఎర్రగట్ట’ అని ఒక మాట. నేను దాన్ని కొట్టేసి పైన ‘ఉల్లిపాయ’ అని రాశాను. మన జిల్లాలో ఎవరింట్లోనైనా ఎర్రగడ్డే కదా కోసేది! అంగడికి పోతే నేనూ ఎర్రగడ్డలే అడుగుతాను. పాఠ్యపుస్తకంలో ఉల్లిపాయ అని ఉంది కాబట్టి నా ఎర్రపెన్ను ఆ పని చేసింది. ఆ మాటలో రెండు తప్పులు జరిగాయి. డ్డ బదులు ట్ట రాసింది వాడు. ఎర్రగడ్డను కొట్టేసింది నేను.

ఆ జవాబు పత్రాల కట్ట పట్టుకుని ఒక శనివారం బిట్రగుంట పాసింజరులో మద్రాసు పోతున్నాను. నెల్లూరు దాటాక కాస్త చోటు దొరికితే దిద్దడం మొదలుపెట్టాను. సూళ్లూరుపేటలో ఒకాయన ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు. తెల్లచొక్కా, నుదుట విభూతి, చంకలో గుడ్డసంచి. కాసేపు నా చేతిలో కాగితం తలకిందులుగానే చూసి, “ఈ పయ్యన్ ఇంట్లో తమిళమా సార్?” అన్నాడు. ఉలిక్కిపడ్డాను. ఆయన గుమ్మిడిపూండి అవతల ఒక బడిలో తమిళ వాధ్యారు. సూళ్లూరుపేట అల్లుడు కాబట్టి తెలుగక్షరాలు కూడబలుక్కుని చదవగలడు. పట్టపుపాలెం పిల్లవాడని చెప్పాను. “అట్లయితే వాడు తప్పు రాయడం లేదు సార్. తమిళాన్ని మీ అక్షరాల్లో రాస్తున్నాడు” అన్నాడు.

తర్వాత నా పెన్నే తీసుకుని నా కాగితం వెనక వేసి చూపించాడు. మనకు క, ఖ, గ, ఘ అని నాలుగు ఉంటే తమిళానికి ఒక్కటే అక్షరం. అది మాట మొదట్లో వస్తే క అని పలుకుతుంది, రెండచ్చుల మధ్య ఒంటిగా వస్తే గ వైపు మెత్తబడుతుంది, జంటగా వస్తే మళ్లీ క్క అని గట్టిపడుతుంది. ప, త, ట లదీ అదే దారి. కాబట్టి అచ్చంగా తమిళ మాటల్లో మొదట గ ఉండదు, మధ్యలో ఒంటి క ఉండదు, గడ్డలో ఉన్న డ్డ అసలే ఉండదు. పట్టపు వాళ్లు ఎప్పుడో దక్షిణం వైపు నుంచి ఈ తీరం వెంట పైకి వచ్చినవాళ్లు. ఇంట్లో తమిళం కలిసిన మాట. ఆ పిల్లవాడికి తమిళ లిపి ఒక్క ముక్క రాదు, కానీ వాళ్లమ్మ నోటి నుంచి ఈ కట్టడి వాడి చెవిలో కూర్చుంది. వాడి తప్పులన్నీ పరిచి చూస్తే ఒక్కటీ అడ్డదిడ్డంగా లేదు. అన్నీ ఒక సూత్రం ప్రకారం వరసగా ఉన్నాయి. నాకంటే వాడే పద్ధతిగా ఉన్నాడు.

నేను నోరు తెరుచుకుని కూర్చుంటే ఆయన తన బాధ మొదలుపెట్టాడు. 2006లో తమిళనాడు ప్రభుత్వం అన్ని బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటికో తరగతి చొప్పున పైకి ఎక్కింది. చివరికి 2015–16 నాటికి పదో తరగతి దాకా చేరింది. ఆయన బళ్లో సగం మంది పిల్లలవి తెలుగు ఇళ్లు. ఆ పిల్లలు ‘పాల్’ అని రాయమంటే పాలు అని రాస్తారు, ‘కణ్’ అంటే కన్ను అంటారు, ప్రతి మాటకీ తోక తగిలిస్తారు. “ఎన్ని సార్లు చెప్పినా ఆ తోక పోదు సార్, నాకు బీపీ వస్తోంది” అన్నాడు. నవ్వొచ్చింది. ఈసారి చెప్పడం నా వంతు. మన తెలుగు అజంత భాష. అచ్చ తెలుగు మాట అచ్చు మీద దిగితేగాని ఆగదు. హల్లు మీద బండి ఆపడం మన నోటికి చేతకాదు. ఇంగ్లీషు నుంచి బస్, రోడ్, పెన్ తెచ్చుకుని బస్సు, రోడ్డు, పెన్ను చేసుకున్నాం కదా, ఆ పిల్లలు పాల్‌ని పాలు చేస్తే వింతేముంది? ఆయన నుదురు కొట్టుకున్నాడు. “ఇన్నేళ్లూ వాళ్లకు పొగరనుకున్నాను” అన్నాడు. నేను ‘శ్రద్ధ లేదు’ అనుకున్నాను, ఆయన ‘పొగరు’ అనుకున్నాడు. అంతే తేడా.

తడ, ఆరంబాక్కం దాటి గుమ్మిడిపూండి వచ్చేసరికి గట్టిగా గంట కూడా కాలేదు. ఆయన దిగిపోయాడు. నా సర్వీసులో చాలా శిక్షణలకు పోయాను, టీఏ డీఏలు తీసుకున్నాను, మధ్యాహ్నం భోజనాలు బాగానే ఉండేవి. ఆ గంటలో నేర్చుకున్నంత ఎక్కడా నేర్చుకోలేదు.

తిరిగొచ్చాక ఆ పిల్లవాణ్ణి పిలిచి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని క అనమన్నాను, గ అనమన్నాను. గ దగ్గర గొంతు అదురుతుంది, క దగ్గర అదరదు. వాడి కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత జంటలు కట్టాం: కాలి–గాలి, పడి–బడి, తండ–దండ, పాట–బాట. కళ్లు మూసుకుని చెయ్యి గొంతు మీద పెట్టుకుని చెప్పడం వాళ్లకు ఆటైపోయింది. పాలెం పిల్లలంతా చేరారు. మూణ్ణెల్లలో తప్పులు సగానికి పైగా తగ్గాయి. చెవి మెలేసినందుకు మాత్రం వాడికి నేనేమీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఇక గిడుగు వారు.

ఆయన 1863 ఆగస్టు 29న పుట్టారు. పదిహేడో ఏట పర్లాకిమిడిలో పంతులుగా చేరారు. మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్న ఈ మనిషి బళ్లో చెప్పింది తెలుగు కాదు, చరిత్ర. తెలుగు బోధనలో పేరుకున్న చెత్తను బయటివాడు కాబట్టి చూడగలిగాడేమో. లోపలున్న మనకు అలవాటైపోతుంది. 1906 ప్రాంతంలో ఉత్తరాది జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ అనే దొర వచ్చాడు. తెలుగు నేర్చుకుంటున్నాడు. పుస్తకంలో ఉన్న తెలుగుకీ బజారులో వినపడే తెలుగుకీ పొంతన కుదరక, మీ పిల్లలకు మీరు ఏ తెలుగు చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు అని అడిగాడు. ఆ ప్రశ్న విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి దగ్గరికి పోయింది. ఆయన తమిళుడు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారిని, పర్లాకిమిడిలో గిడుగు వారిని అడగమన్నాడు. మన వాడుకభాషా ఉద్యమం అక్కడ రాజుకుంది. అడిగింది ఇంగ్లీషువాడు, దారి చూపింది తమిళుడు, జవాబు వెతుక్కుంటూ పోయి జీవితమంతా దానికే ఇచ్చింది తెలుగు పంతులు. ఇందులో ఏ ఒక్కరు లేకపోయినా ఇంకెన్నాళ్లు ఆలస్యమయ్యేదో.

ఆ ఉద్యమాన్ని మనం సాహిత్య చరిత్రలో పెట్టి చదువుకుంటాం. గ్రాంథికమా, వ్యావహారికమా, ఎవరు గెలిచారు అని. గిడుగు వారికి అది ముందు బళ్లో తగాదా. పిల్లవాడు ఇంట్లో ఒకటి వింటాడు, బళ్లో ఇంకొకటి రాయాలి, ఆ రాసేది అయ్యవారికే సరిగ్గా రాదు. ఆయన పండితుల రచనల్లోంచే గ్రాంథికం లెక్కలో తప్పులైన ప్రయోగాలు ఏరి చూపించేవారు. మీరే రాయలేనిది పిల్లల్ని రాయమంటారేం అని. పాఠశాల తుది పరీక్షలో వ్యాసం వాడుకభాషలో రాసుకునే వెసులుబాటు కొన్నాళ్లు వచ్చింది, పండితుల ఒత్తిడికి మళ్లీ పోయింది. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గ్రాంథికం మీద తన అసమ్మతి పత్రం ఇచ్చి, మరుసటేడు కన్నుమూశారు. 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పుట్టింది. అధ్యక్షుడు కందుకూరి వీరేశలింగం, కార్యదర్శి గిడుగు. ఇద్దరూ బడి పంతుళ్లే. ‘తెలుగు’ అని పత్రిక కూడా నడిపారు. మూడు నెలలకే వీరేశలింగం గారు పోయారు. పత్రిక ఎక్కువ కాలం నడవలేదు. మనకు తెలిసిన తెలుగు సంఘాల్లో ఇదొక్కటే, పంతుళ్లు జీతం కోసం కాకుండా పాఠం కోసం పెట్టుకున్నది. అంటే వేరేవి లేవని కాదు, నాకు ఇదొక్కటే గుర్తొస్తుంది.

నెల్లూరు వాళ్లం కాబట్టి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. వేదం వెంకటరాయశాస్త్రి గారి నాటకాలు ఆడిన ఆంధ్రభాషాభిమాని సమాజం మన నెల్లూరుదే. 1897 నాటి ప్రతాపరుద్రీయం నాటకంలో చాకలి పేరిగాడి నోట పేరిగాడి మాటే పలికించిన ఆ మహానుభావుడు, బడి పిల్లల వ్యాసం దగ్గరికి వచ్చేసరికి గ్రాంథికం వైపే నిలబడ్డారు. రంగస్థలం మీద ఒప్పుకున్నది నోటుపుస్తకంలో ఒప్పుకోలేదు. నా ఎర్రపెన్ను కథే, కాస్త పెద్ద ఎత్తున.

గిడుగు వారి సవర కథ అందరికీ తెలుసు కాబట్టి సగమే చెబుతాను. పర్లాకిమిడికి కొండల నుంచి దిగివచ్చే సవరలను చూసి, వాళ్ల భాష నేర్చుకోవాలనుకున్నారు. సవరా తెలుగూ రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలకు తెలుగు లిపిలో వాచకాలు రాశారు, బడులు పెట్టారు. ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండన్నారు. సవర భాష మీద ఇంగ్లీషులో ఆయన పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. తెలియని సగం ఏమిటంటే, సవర మన ద్రావిడ భాషల చుట్టం కాదు. ముండా భాషల్లో ఒకటి. దాని పెద్ద కుటుంబంలో బర్మా మోన్, కంబోడియా ఖ్మేర్, వియత్నాం వాళ్ల భాష ఉన్నాయి. పర్లాకిమిడి వీధి అరుగు మీద కూర్చుని, రేపటి చరిత్ర పాఠం పక్కన పెట్టి, ఒక తెలుగు పంతులు వియత్నాం దాకా పోయే తీగ ఒకటి పట్టుకున్నాడు. ఆసియా సహకారం అని నాకిచ్చిన విషయానికి ఇంతకంటే పాత ఉదాహరణ మన దగ్గర ఉందా అని వెతికాను. దొరకలేదు.

ఆ రోజుల్లోనే యూరపులో ఇంకో సంగతి జరుగుతోంది. ఈవేళ చాలా ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉచ్చారణ చూపించడానికి వాడే అంతర్జాతీయ ధ్వని లిపి ఉంది చూశారూ, దాన్ని తయారుచేసిన సంఘం 1886లో పారిస్‌లో పుట్టింది. ముందు దాని పేరే ధ్వని ఉపాధ్యాయుల సంఘం. ఫ్రెంచి పిల్లలకు ఇంగ్లీషు చెప్పలేక తంటాలు పడుతున్న పంతుళ్లు కూడి పెట్టుకున్నారు. పాల్ పాసీ అనే అయ్యవారు పెద్ద. మేం చెప్పే మాట పిల్లవాడి చెవికి ఎలా వినపడుతోంది అన్న చిన్న చిక్కుతో మొదలై ప్రపంచమంతా వాడే లిపి అయింది. పట్టపుపాలెం పిల్లవాడి గొంతు మీద చెయ్యి పెట్టించినప్పుడు నేను చేసింది వాళ్ల పనే, నాకు తెలియకుండా.

ఇక అసలు ఆసియా సంఘాలు. వీటిలో ముందు నిలబడింది ఇంగ్లీషు పంతుళ్లు. ఒప్పుకోవాలి. హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధనకు కేంద్ర సంస్థ వచ్చింది, తర్వాత సీఫెల్ అయింది, ఇప్పుడు ఇఫ్లూ. ఆగ్నేయాసియా దేశాలు కొన్ని కలిసి 1968లో సింగపూరులో భాషా బోధనకు రెల్క్ అనే కేంద్రం పెట్టుకున్నాయి. మద్రాసులో 1974లో ఇంగ్లీషు ఉపాధ్యాయుల సంఘం ఎల్టాయ్ పుట్టింది. పాకిస్తాన్‌లో 1984లో స్పెల్ట్, నేపాల్‌లో 1992లో నెల్టా వచ్చాయి. ఆ తర్వాత థాయిలాండ్, జపాన్, కొరియా సంఘాలు మూడూ చేతులు కలిపి ఆసియా కూటమి కట్టుకున్నాయి. 1997లో బ్యాంకాక్‌లో మొదటి సభ, 1999లో సియోల్‌లో రెండోది, 2001లో జపాన్‌లోని కితాక్యూషూలో మూడోది. ఒక సంఘం సభకు మిగతావాళ్లు పోతారు, పత్రికలు ఇచ్చిపుచ్చుకుంటారు. సియోల్ సభతో పాటు ఆసియా దేశాల విద్యార్థుల్ని కూడా ఒకచోట చేర్చి మాట్లాడుకోనిచ్చారు. నాకు అన్నిటికంటే నచ్చింది అదీ. పంతుళ్లు కలిస్తే ఉపన్యాసాలు వస్తాయి, పిల్లలు కలిస్తే స్నేహాలు వస్తాయి.

వాళ్లకు ఇదంతా ఎందుకు కుదిరింది? అందరూ చెప్పేది ఒకే భాష. పుస్తకాల కంపెనీలు స్టాళ్లు పెడతాయి, డబ్బుంటుంది. థాయ్ మాస్టారూ కొరియా మాస్టారూ కలిసినప్పుడు ఇద్దరికీ పరాయిదైన ఇంగ్లీషు గురించి మాట్లాడుకుంటారు. వాళ్ల భాషల గురించి కాదు. వాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్ల సంఘం పనే అది. మన సంఘం పని ఏమిటన్నదే నా ప్రశ్న.

మన తెలుగు పండిట్ల సంఘాలున్నాయి. ఏళ్ల తరబడి గ్రేడు టూ పండిట్‌తో హైస్కూలు పాఠం చెప్పించుకుని కింది స్కేలు ఇచ్చారు, పదోన్నతి లేకుండా రిటైరైపోయినవాళ్లు నాకు తెలిసినవాళ్లే బోలెడు. వాళ్ల కోసం సంఘాలు చేసిన ధర్నాల్లో నేనూ కూర్చున్నాను. ఆ పోరాటం న్యాయమైనదే. కానీ ముప్పై ఏళ్లలో ఏ సంఘ సమావేశంలోనూ ఒక్క పాఠం గురించి మాట్లాడుకున్నట్టు నాకు గుర్తు లేదు. జీతాల పీఆర్సీ గురించి గుర్తుంది.

ప్రపంచ తెలుగు మహాసభలు ఉన్నాయి కదా అంటారు. 1975లో హైదరాబాదులో మొదలై, 1981లో కౌలాలంపూరుకూ 1990లో మారిషస్‌కూ పోయాయి. ఆ ప్రయాణం చిన్నది కాదు. మలేషియాలో రబ్బరు తోటలకు పోయినవాళ్ల పిల్లలు 1955లో ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, ఇప్పుడది మలేషియా తెలుగు సంఘం. అక్కడి తమిళులకు ప్రభుత్వం నడిపే తమిళ బడులు వందలున్నాయి. తెలుగు పిల్లల్లో చాలామంది తమిళ బడికే పోయారు, తెలుగును సంఘం వాళ్లు సొంతంగా చెప్పుకుంటున్నారు. అక్కడ తెలుగు చెప్పే ఆవిడకు పిల్లలు ‘తారి’ అని రాస్తున్నారో లేదో ఎవరైనా అడిగారా? మహాసభల్లో శాలువాలు కప్పాం, అవధానాలు చేశాం. ఆ సభల నుంచి తిరిగొచ్చినవాళ్లు ఎంతోమంది చెప్పగా విన్నాను. అక్కడి తరగతి గది ఎలా ఉందో చెప్పినవాళ్లు తక్కువ.

సింగపూరు చూడండి. తమిళం అక్కడ అధికార భాష. హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ అయిదింటినీ బళ్లో మాతృభాషగా చదువుకునే వీలుంది. ఆ అయిదు భాషల వాళ్లూ ఒక ఉమ్మడి బోర్డు కింద చేరి సొంత తరగతులు నడుపుకుంటున్నారు, పరీక్షల పని చూసుకుంటున్నారు. గుజరాతీ వాళ్లు తక్కువమంది, పంజాబీ వాళ్లు తక్కువమంది. విడివిడిగా ఎవరికీ సాగేది కాదు, కలిశారు కాబట్టి సాగింది. ఆ జాబితాలో తెలుగు లేదు. సింగపూరులో తెలుగు సమాజం 1975 నుంచీ ఉంది. బోర్డులో మాత్రం చోటు లేదు.

ఇంటి దగ్గర ఏమీ జరగలేదని కాదు. మైసూరులో 1969లో వచ్చిన భారతీయ భాషల సంస్థ, బడి పంతుళ్లను పది నెలలు డిప్యుటేషన్ మీద పిలిచి ఇంకో భాష నేర్పి పంపే పని పెట్టుకుంది. ఉత్తరాది మాస్టార్లు అక్కడ కూర్చుని అ ఆలు దిద్ది తెలుగు నేర్చుకుపోయారు. ఆ ఆలోచన ఎవరిదో గాని వాళ్లకు దణ్ణం. మోటూరి సత్యనారాయణ గారు దక్షిణాదిలో హిందీ ప్రచారం చేసి ఊరుకోకుండా, ఆగ్రాలో హిందీ పంతుళ్లకు శిక్షణ సంస్థ పెట్టించారు. తెలుగువాడు హిందీ దేశానికి పోయి హిందీ ఎలా చెప్పాలో ఏర్పాటు చేశాడు. 1997లో మూడు రాష్ట్రాలు కలిసే చోట కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. మన నెల్లూరు దగ్గరి వెంకటాచలానికే ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం వచ్చింది. ఇవన్నీ మంచివే. అయితే అక్కడ కలుసుకునేది ఆచార్యులు. ఆరో తరగతి ‘బి’ సెక్షన్ అయ్యవారు కుప్పం పోడు, పోయినా లోపలికి రానిచ్చేది ఎవరు?

ఇంతకీ మనకు పక్కూరి అయ్యవారు ఎవరు? ఈ మండలం నుంచి సముద్రం వైపు చూస్తే రొయ్యల గుంటలు. వాటి మీద పనికి ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ వచ్చిన కుటుంబాలు షెడ్లలో ఉంటున్నాయి. వాళ్ల పిల్లలు కొందరు మన బడులకు వస్తున్నారు. ఈ బడిలో పనిచేసే ఒక అమ్మాయి, నా శిష్యురాలే, మొన్న ఒక ఒడియా పిల్ల నోటుపుస్తకం చూపించింది. ‘తీగ’ తిగ అయింది, ‘మూడు’ ముడు అయింది. ‘వాన’ బాన అయింది. “దీర్ఘాలు వారం రోజులు చెప్పాను సార్, ఎక్కడం లేదు” అంది. ఎలా ఎక్కుతాయి? ఒడియాలో ఇ, ఈలకు రెండక్షరాలున్నాయి గాని పలకడంలో తేడా లేదు. ఉ, ఊలదీ అంతే. వ కూడా బ అయిపోతుంది. ఆ పిల్లకు దీర్ఘం రాయడం చేతకాక కాదు, వినపడక. ఇది నా తెలివి కాదు. బరంపురం వైపు తెలుగు చెప్పిన ఒక పాత మిత్రుణ్ణి ఫోన్లో అడిగితే అర నిమిషంలో చెప్పాడు. అక్కడి తెలుగు అయ్యవార్లకు ఇది తరతరాలుగా తెలుసు. 1936లో ఒడిశా విడిపోయినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, గిడుగు వారు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రికి వచ్చేశారు. ఆయన వచ్చేశారు గాని పిల్లలు అక్కడే ఉన్నారు, పంతుళ్లూ ఉన్నారు. ఇప్పుడా పిల్లలే మన రొయ్యల గుంటల దగ్గరికి వస్తే, ఆ పంతుళ్లకు ఫోను చెయ్యడానికి మన బడుల దగ్గర నంబరు లేదు.

అంతదూరం ఎందుకు, మన స్టాఫ్ రూములోనే హిందీ పండిట్ ఉంటారు. హిందీలో హ్రస్వ ఎ, ఒ లకు వేరే అక్షరం లేదు. బీహారు నుంచి వచ్చిన పిల్ల ‘తేలుగు’ అని రాస్తే ఆ పండిట్‌ను అడిగితే చాలు. ఒకే బల్ల మీద టీ తాగుతాం, సెలవుల లెక్కలు చూసుకుంటాం, ఎవరి కట్ట వాళ్లు దిద్దుకుని ఇంటికి పోతాం. తమిళనాడు 2006లో తన భాషను తప్పనిసరి చేసింది, తెలంగాణ 2018లో తెలుగును చేసింది. రెండు వైపులా చట్టాలు రాసేటప్పుడు, ఇంట్లో ఆ భాష లేని పిల్లవాడికి చెప్పబోయే పంతుళ్లను ఇటూ అటూ కలిపి కూర్చోబెట్టారా? గుమ్మిడిపూండి వాధ్యారు, నేనూ కలిసింది సీటు ఖాళీ ఉండబట్టి.

నాకు పెద్ద కోరికలు లేవు. కూటములూ మహాసభలూ చేయగలవాళ్లు చేస్తారు. బడుల కాంప్లెక్స్ సమావేశాల్లో నెలకు ఒక గంట, రిజిస్టర్లూ యాప్‌లూ పక్కన పెట్టి, పిల్లల తప్పులు బల్ల మీద పరుచుకోవాలి. ఏ ఇంటి భాష పిల్లలు ఏ తప్పు చేస్తున్నారో ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. పట్టపు వాళ్లకు ఒక పేజీ, ఒడియాకు ఒక పేజీ, బెంగాలీకి ఒకటి, హిందీకి ఒకటి. ఎర్రగడ్డ, గెనిమ, కయ్య లాంటి మన జిల్లా మాటలు తప్పుల్లో కలపకుండా వాటికి వేరే పేజీ. ఆ పుస్తకం నకలు ఒకటి గుమ్మిడిపూండికి, ఒకటి బరంపురానికి పోతే, వాళ్ల పేజీలు మనకు వస్తాయి. ఎవరైనా కౌలాలంపూరులో తెలుగు చెప్పే ఆవిడకు కూడా పంపగలిగితే ఇంకా మంచిది. పోస్టు ఖర్చు నాది.

ఆ వాధ్యారు రిటైరై ఇప్పుడు సూళ్లూరుపేటలోనే ఉంటున్నాడు, అత్తగారి ఇంట్లో. అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. మొన్న ఈ సభ సంగతి చెప్పి, మీ గురించి మాట్లాడబోతున్నాను, పేరు చెప్పొచ్చా అన్నాను. “పేరెందుకు సారూ, గుమ్మిడిపూండి వాధ్యారంటే చాలు” అన్నాడు. సారూ అన్నాడు, విన్నారా? ఇన్నేళ్లకు ఆయనకూ తోక అంటుకుంది.

ఆహ్వానంలో నా వెనక ఇంకో ఇద్దరు మాట్లాడతారని ఉంది. వాళ్ల సమయం తినను. తెలుగు, హిందీ, ఇంగ్లీషు అయ్యవార్లను ఈ వారం దిద్దిన కాగితాల్లోంచి పది కాగితాలు తెమ్మని ముందే కబురు చేయించాను. సభ అయ్యాక పక్క గదిలో బల్లలు వేసి ఉన్నాయి. టీ అక్కడికే వస్తుంది. నేను ఆ ఒడియా పిల్ల నోటుపుస్తకం తెచ్చాను. పిల్లల పేర్లు కనపడకుండా కాగితం మడిచి పెట్టండి.